బీరువా వెనక స్విచ్చు

సూపర్వైజరు చెయ్యి మెషీను స్విచ్చు మీదికి చాచి ఉంది, నా మనవరాలి చెయ్యి దానికి అడ్డంగా ఉంది. కిందటి వారం కథ ఆపినప్పుడు వాళ్ళిద్దర్నీ అలా నిలబెట్టేసి వచ్చాను. ఏడు రోజులుగా చేతులు చాచుకునే ఉన్నారు పాపం, ఇక దింపుదాం.

ఈ వారమే చేతికి పత్రిక తీసుకున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఊరికి నీళ్ళు వదిలే ఆఫీసు అది. ఇరవై ఆరేళ్ళుగా నేనక్కడ ఊడ్చి తుడిచే మనిషిని. నా కొడుకు అక్కడే పంపు ఆపరేటరు. పద్నాలుగు నెలల కిందట ఒక మధ్యాహ్నం, రెండు గంటల షిఫ్టుకి వాడు వచ్చి కూర్చున్న పది నిమిషాలకి, కింద వాల్వు గదిలో పనిచేస్తున్న ఫిట్టరు మీదికి నీళ్ళు తన్నుకొచ్చాయి. మెషీనుకి చెప్తే వాల్వు మూసుకోవాలి. చెప్పడానికి మెషీను వాణ్ణి లోపలికి రానివ్వలేదు. వాడు మెట్లన్నీ దూకుతూ దిగి, చేత్తో చక్రం తిప్పేసరికి ఫిట్టరు పోయాడు. విచారణలో నా కొడుకు ఒకే ఒక్క మాట చెప్పాడు. "టెర్మినలు ఖాళీ లేదంది సార్, మూడుసార్లు అడిగాను." ఆ మెషీను అలా ఎప్పుడూ అనదని సూపర్వైజరు చెప్పాడు. కాగితం మీద 'నిర్లక్ష్యం' అని పడింది. ఉద్యోగం పోయింది. ఆ రోజు నుంచి వాడి నోట్లోంచి మాట కూడా పోయింది. ఫిట్టరు భార్య మా వీధి మలుపులోనే ఉంటుంది. నేను ఎదురైతే గోడ వైపు తిరిగి నిలబడుతుంది, నేను దాటిపోయే దాకా.

మెషీన్లు బాగుచేసే కంపెనీలో నా మనవరాలు పట్టుబట్టి చేరింది ఇందుకే. కిందటి వారం చెప్పిన ఆ రోజు పొద్దున ఆఫీసులో ఎవరికీ మెషీను దారి ఇవ్వడం లేదని కబురొస్తే తనే వచ్చింది. వాళ్ళ నాన్న చెప్పిన ఆ మాటే, అక్షరం తేడా లేకుండా, తెర మీద కనబడింది. టెర్మినళ్ళు ఖాళీ లేవు.

ఇక అక్కణ్ణించి చెప్తాను.

"చెయ్యి తియ్యమ్మాయ్," అన్నాడు సూపర్వైజరు. "రెండింటికి షిఫ్టు మారుతుంది. వచ్చేవాడికి దారి దొరక్కపోతే వాల్వులు నువ్వు తిప్పుతావా? ఆపి మళ్ళీ వేస్తే ఐదు నిమిషాల్లో దారికొస్తుంది. ఇది అప్పుడప్పుడూ మొండికేస్తుంది, మాకు అలవాటే."

"అప్పుడప్పుడూ అంటే?"

"ఇరవై రోజులకోసారి. అందుకని మూడు వారాలకోసారి, శనివారం పూట, నేనే ఆపి వేస్తుంటాను. పోయిన శనివారం మా మేనకోడలి పెళ్ళికెళ్ళాను, కుదరలేదు."

నా మనవరాలు ఆయన మొహంలోకి చూసింది. నాకు ఆ చూపు తెలుసు. చిన్నప్పుడు పలక పగలగొట్టిన పిల్లని పట్టుకున్నప్పుడు అలాగే చూసేది.

"అలా ఎప్పుడూ అనదని విచారణలో చెప్పారు కద సార్."

"అప్పటికి అనలేదు. ఆ తర్వాతే మొదలైంది."

"ఆ తర్వాత మొదలైనప్పుడైనా వెళ్ళి చెప్పారా?"

ఆయన తెర వైపు తిరిగాడు. మెషీను చుట్టూ కట్టిన ఆ గాజు గదిలో ఎప్పుడూ చలే. నేను తుడుపు గుడ్డ బకెట్లో ముంచి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పిండడం కూడా మర్చిపోయాను, నీళ్ళు నా కాళ్ళ మీదే కారుతున్నాయి.

"పొద్దుటి ఆపరేటరుని లేవొద్దని చెప్పండి," అంది నా మనవరాలు. "ఆయన టెర్మినలు ఆయన దగ్గరుంటే వాల్వులు చేతిలో ఉన్నట్టే. నాకు అరగంట ఇవ్వండి. ఆపేస్తే లోపల ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది, ఎవరు పట్టుక్కూర్చున్నారో ఇక ఎప్పటికీ తెలీదు."

ఆయన గడియారం చూసుకున్నాడు. "అరగంట. ఒక్క నిమిషం ఎక్కువైనా నేనే ఆపేస్తా."

మెషీనుకే నేరుగా తగిలించిన కీబోర్డు ఒకటుంది ఆ గదిలో. దానికి ఎవరి దారీ అక్కర్లేదు. ఆ గది తాళం సూపర్వైజరు జేబులో ఉంటుంది, నా కొడుకు పరిగెత్తిన రోజు కూడా ఆ జేబులోనే ఉంది. నా మనవరాలు దాని ముందు కూర్చుంది.

అప్పటికి గుమస్తాలందరూ పనిలేక గాజు గది గుమ్మంలో చేరారు. వాళ్ళలో పెద్దాయన, ముక్కు చివర కళ్ళద్దాలు పెట్టుకునే ఆయన, అందరి తరఫునా అడిగాడు. "అసలు ఈ టెర్మినలంటే ఏంటమ్మా? మా బల్లల మీదున్న డబ్బాలేగా?"

"డబ్బా కాదు బాబాయ్ గారూ. డబ్బాకి సొంత బుర్ర లేదు. అది పొద్దున వెయ్యగానే ఈ పెద్ద మెషీనుని అడుగుతుంది, నాతో మాట్లాడ్డానికి ఒక చోటివ్వమని. మెషీను లోపల ఒక చోటిస్తుంది. ఆ చోటే టెర్మినలు. కంటికి కనబడదు. అలాంటివి మొత్తం రెండువందల యాభై ఆరు ఇవ్వమని దీనికి రాసిపెట్టి ఉంది. అంతకు మించి ఒక్కటి అడిగినా లేదంటుంది."

"ఉన్నది పన్నెండు డబ్బాలు. ఆపరేటర్లు నలుగురు. రెండువందల చిల్లర ఎవరు తినేశారు?"

"అదే చూస్తున్నా."

నా మనవరాలు ఏదో కొట్టింది. తెర మీద జాబితా పైనుంచి కిందికి జారుతూ పోయింది, పోయింది, ఆగలేదు. కళ్ళద్దాలాయన మెడ చాచి చూసి నోరు తెరిచాడు.

"ఇదంతా నా పేరే! ఇక్కడా నేనే, అక్కడా నేనే. ఇరవైమందిని ఉన్నానేంటమ్మా లోపల? మా ఆవిడ ఒక్కణ్ణే భరించలేకపోతోంది!"

అందరూ నవ్వారు. నా మనవరాలు నవ్వలేదు.

"మీరు సాయంత్రం లేచేటప్పుడు ఏం చేస్తారు బాబాయ్ గారూ? బయటికి పోతున్నానని మెషీనుకి చెప్తారా?"

"ఎందుకూ? గంట కొట్టగానే లేచిపోతాం. వెనకాల పెద్దమ్మ వచ్చి అన్నీ కట్టేస్తుందిగా," అని నా వైపు చెయ్యి చూపించాడు. మర్యాదగానే చూపించాడు. నేను కూడా మర్యాదగానే తలూపాను. ఏం తెలిసి ఊపానో!

"సరే, చోట్లు చాలట్లేదు కాబట్టి ఆ అంకె పెంచెయ్యమ్మా," అన్నాడు సూపర్వైజరు. "ఐదువందలు చెయ్యి. గొడవ వదిలిపోతుంది."

"పెంచొచ్చు సార్. ఇరవై రోజులకి నిండేది నలభై రోజులకి నిండుతుంది. ఇందులో దాదాపు అన్నీ మనిషి లేని చోట్లే. అవతల మనిషి లేడని దీనికి తెలీదు. ఎవరూ వెళ్తున్నానని చెప్పలేదు, ఇదేమో ఇంకా మాట్లాడతాడేమోనని ఎదురుచూస్తూ చోటు అట్టేపెట్టింది. ఎందుకు తెలీలేదో చూడాలి."

ఇంకేదో కొట్టింది. ఈసారి వేరే జాబితా. డబ్బాల తీగలన్నీ వచ్చి కలిసే పెట్టె ఒకటి గోడకుంది. ఏ తీగ ఎప్పుడు చచ్చిపోయిందో ఆ పెట్టె రాసుకుంటుందట. ఆ సంగతి ఆ ఆఫీసులో ఎవరికీ తెలీదు, సూపర్వైజరుకి కూడా.

"నిన్న సాయంత్రం," అని చదవడం మొదలుపెట్టింది. "ఐదూ నలభైకి ఒకటో డబ్బా తెగింది. అదే నిమిషంలో రెండోది. నలభై ఒకటికి మూడు, నాలుగు. తర్వాత ఐదు, ఆరు. ఆ తర్వాత ఎనిమిది."

"ఏడు?" అన్నాడు కళ్ళద్దాలాయన.

"ఏడు లేదు. ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు. నలభై మూడుకల్లా అయిపోయాయి. నాలుగు నిమిషాలు ఏమీ లేదు. నలభై ఏడుకి ఏడోది." వేలు తెర మీద కిందికి జరిపింది. "మొన్న కూడా ఇంతే. అటు మొన్న కూడా. ఒకటి నుంచి ఆరు, ఏడు వదిలేసి ఎనిమిది నుంచి పన్నెండు, నాలుగు నిమిషాలాగి ఏడు. ప్రతిరోజూ ఒకటే వరస. ఎవరో నడుచుకుంటూ వెళ్ళి ఆపినట్టుంది."

నా చేతిలోంచి గుడ్డ జారి బకెట్లో పడింది.

ఆ నడక నాది.

కిటికీ పక్క బల్ల దగ్గర మొదలుపెడతాను. అటు వరస ఆరు బల్లలు, ఒక్కొక్కదాని కింద వంగి గోడ స్విచ్చు ఆపుకుంటూ వస్తాను. తర్వాత ఇటు వరస. ఏడో బల్ల స్విచ్చు ఇనప బీరువా వెనక ఉంటుంది, చెయ్యి దూరదు. అందుకని దాన్ని వదిలేసి, మిగతావన్నీ అయ్యాక నడుం పట్టుకుని కాసేపు కూర్చుని, వరండాలోకెళ్ళి చీపురు కర్ర తెచ్చుకుని, దాని కొసతో బీరువా వెనక తడుముతాను. టక్కుమని చప్పుడొస్తుంది. ఆ చప్పుడు వింటే రోజు గడిచిందని నాకో తృప్తి. పద్నాలుగు నెలలు దాటి ఆ తృప్తితోనే ఇంటికెళ్తున్నాను.

ఆ పని నాకెవరు చెప్పారో కూడా గుర్తుంది, నాకు మరుపు అనేది లేదు. ఫిట్టరు పోవడానికి సరిగ్గా ఇరవై నాలుగు రోజుల ముందు, నాలుగో బల్ల కింద ప్లగ్గు కాలి పొగొచ్చింది. సూపర్వైజరు గళ్ళ చొక్కా వేసుకుని ఉన్నాడు, దగ్గుతూ వచ్చాడు. "ఈ గుమస్తాలకి బాధ్యత లేదు. ఇవాళ్టి నుంచి వెళ్ళేటప్పుడు గోడ దగ్గర అన్నీ నువ్వే కట్టేసెయ్, పెద్దమ్మా. నిన్ను నమ్మొచ్చు," అన్నాడు. నమ్మొచ్చు అన్నందుకు పొంగిపోయాను. ఒక్కరోజు కూడా తప్పలేదు. జ్వరంతో ఉన్నప్పుడు కూడా వచ్చి ఆపి వెళ్ళాను. మధ్యలో నాలుగు ఆదివారాలు తీసేస్తే ఇరవై రోజులు. రోజుకి పన్నెండు చోట్లు.

నేను ఆపేసిందల్లా లోపల నిండుతూ వచ్చింది. నిండి నిండి, నా కొడుకు వచ్చి తలుపు తట్టే వేళకి లోపల చోటు లేకుండా చేసింది.

నోరు తెరుద్దామనుకున్నాను. సూపర్వైజరు నా వైపే చూస్తున్నాడు. ఆయనకి అర్థమైపోయింది. గళ్ళ చొక్కా రోజు ఆయనకీ గుర్తుంటుంది కదా. ఆయన పెదవి చివర కొంచెం వంకరైంది. అది నవ్వు కాదు, ఊపిరి పీల్చుకోవడం. తప్పు ఎటు తిప్పాలో దారి దొరికిన మనిషి అలాగే ఊపిరి పీల్చుకుంటాడు.

"మొత్తానికి మనుషుల తప్పే అన్నమాట," అన్నాడు మెత్తగా. "మెషీను తప్పు లేదు, పైవాళ్ళ తప్పు లేదు. ఆ ముక్క రాసిచ్చెయ్ అమ్మాయ్. ఎవరు ఆపారో పేరుతో సహా రాయి. రేపు పదింటికి పెద్దాఫీసులో పెట్టాలి. మీ నాన్న కేసు కూడా తిరగతోడొచ్చు. నేనే దగ్గరుండి మాట్లాడతా."

నా మనవరాలు మళ్ళీ కీబోర్డు వైపు తిరిగింది. రెండు జాబితాలూ కాగితం మీదికి తీసింది. కాగితం ఆగకుండా వస్తూనే ఉంది, మడతలు మడతలుగా కింద పడింది. దాన్ని చుట్టి సంచీలో పెట్టుకుంది. ఇకమీదట మెషీను ఐదు నిమిషాలకోసారి ఒక్కో డబ్బానీ 'ఉన్నావా' అని అడిగేట్టూ, జవాబు రాకపోతే చోటు వెనక్కి లాక్కునేట్టూ రెండు వాక్యాలు రాసింది. రెండంటే రెండే వాక్యాలు. పద్నాలుగు నెలల కిందట ఎవరైనా రాసి ఉంటే ఫిట్టరు ఆ సాయంత్రం ఇంటికెళ్ళి అన్నం తినేవాడు.

తర్వాత మెషీను ఆపి వేసింది. రెండు గంటలకి కొత్త ఆపరేటరు వచ్చాడు, కూర్చున్నాడు, ఒక్కసారి అడగ్గానే లోపలికి వెళ్ళిపోయాడు. వాడికి అదేం గొప్ప కాదు. నేను మాత్రం వాడి వీపు వైపు చాలాసేపు చూశాను.

ఆ సాయంత్రం నేను స్విచ్చులు ఆపలేదు. చీపురు కర్ర ముట్టుకోలేదు.

నేనూ పిల్లా నడిచే ఇంటికొచ్చాం. బస్సు ఖాళీగానే వెళ్ళింది, చెయ్యెత్తలేదు. సగం దారి దాకా పిల్ల ఆకాశం వైపు చూస్తూ నడిచింది. తర్వాత, నా మొహం చూడకుండా, అడిగింది.

"నానమ్మా, ఏడో డబ్బా స్విచ్చు ఎక్కడుంటుంది?"

"బీరువా వెనక, తల్లీ."

"ఊఁ," అంది. నా చేతిలో సంచీ తీసుకుని తను మోసింది. ఇంకేమీ అడగలేదు. తిట్టినా బాగుండేది.

మలుపు దగ్గర ఫిట్టరు భార్య తలుపు తీసుకుని బయటికొచ్చింది. మమ్మల్ని చూసి గోడ వైపు తిరిగింది. రోజూ నేను తలొంచుకుని దాటిపోతాను, నా కొడుకు ఏ తప్పూ చెయ్యలేదని లోపల అనుకుంటూ. ఆ రోజు ఆ అనుకోవడం కూడా నాకు మిగల్లేదు. ఆమె వీపు నన్నే చూస్తున్నట్టనిపించింది.

ఇంటికెళ్ళేసరికి నా కొడుకు వెనక మెట్టు మీద కూర్చుని కుళాయి విప్పుతున్నాడు. మా ఇంట్లో కుళాయి బాగానే ఉంది. రోజూ విప్పుతాడు, తుడుస్తాడు, మళ్ళీ బిగిస్తాడు. నేను వాడి పక్కన మెట్టు మీద కూలబడ్డాను. పిల్ల వెనక గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఒరేయ్," అన్నాను. "నువ్వు చెప్పింది నిజమేరా. ఇవాళ అదే మాట పిల్ల ముందు కూడా తెర మీద వచ్చింది. టెర్మినళ్ళు ఖాళీ లేవని."

వాడి చెయ్యి ఆగింది. తలెత్తలేదు.

"ఎవరు నింపారో కూడా తెలిసింది. నేనేరా. రోజూ సాయంత్రం ఆ స్విచ్చులన్నీ కట్టేసింది నేనే. మంచి పని చేస్తున్నాననుకున్నాను. నిన్ను లోపలికి రానివ్వనిది మెషీను కాదురా, మీ అమ్మ."

చెప్పేశాక ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. వాడు కుళాయి పక్కన పెట్టాడు. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు, ఒక్కో వేలూ. పద్నాలుగు నెలల తర్వాత వాడి గొంతు విన్నాను. తుప్పు పట్టిన వాల్వు తిప్పినట్టుంది.

"నాకు తెలుసమ్మా."

"ఏంట్రా?"

"ముందు రోజే తెలుసు. సాయంత్రం షిఫ్టులో కూర్చుని ఉన్నా. నువ్వు ఒక్కో స్విచ్చు ఆపుతుంటే తెర మీద టెర్మినళ్ళ లెక్క చూస్తున్నా. తగ్గాలి కదా. తగ్గలేదు. ఇంకో పన్నెండు మాత్రమే మిగిలి ఉన్నాయి, పొద్దున గుమస్తాలు కూర్చుంటే అవీ అయిపోతాయి." ఊపిరి తీసుకున్నాడు. "సూపర్వైజరుకి చెబుదామని లేచాను. చెప్తే నీ మీదికే తోస్తాడు. నీ పని పోతుంది. ముందు నీకు చెప్పి, ఎలా చెయ్యాలో నేర్పి, తర్వాత చూద్దాంలే అనుకున్నా. ఇంటికొచ్చేసరికి నువ్వు పడుకున్నావు. రేపు చెబుదాంలే అనుకున్నా."

ఆ 'రేపు' మధ్యాహ్నం రెండూ పది దాటగానే ఫిట్టరు పోయాడు.

"అందుకే విచారణలో ఇంకేం మాట్లాడలేదా?" అంది పిల్ల గుమ్మంలోంచి. "ఎందుకు ఖాళీ లేవని అడుగుతారని. అడిగితే నానమ్మ పేరు చెప్పాల్సొస్తుందని. నువ్వేనా నాన్నా నీ నోరు కట్టేసుకుంది?"

వాడు లేచి దాని దగ్గరికెళ్ళాడు. దాని సంచీలోంచి తలెత్తి కనబడుతున్న ఆ కాగితం చుట్ట వైపు చూశాడు.

"మెషీను ఆపి వేశావా?"

"వేశాను."

"అయితే లోపల ఏమీ లేదు. గోడ మీద పెట్టెలో?"

"మెషీనుతో పాటు దాన్నీ ఆపి వేశాను. అదీ పోయింది. ఉన్నది ఈ కాగితమే."

"ఇలా తే."

అది కాగితాన్ని గుండెకేసి పట్టుకుంది. "రేపు పదింటికి అడుగుతారు నాన్నా. ఇది ఉంటేనే నీ పేరు ఆ 'నిర్లక్ష్యం'లోంచి బయటపడుతుంది."

"ఇది ఉంటే మీ నానమ్మ పేరు లోపలికెళ్తుంది. సూపర్వైజరు చొక్కాకి మరక కూడా అంటదు." చెయ్యి చాచి కాగితం కొస పట్టుకున్నాడు. "చించెయ్ తల్లీ. నేను చెప్పింది అబద్ధమనే ఉండనీ."

నేను మెట్టు మీంచి లేచాను. ఆ కాగితం ఒక కొస నా కొడుకు చేతిలో ఉంది, ఇంకో కొస వాడి కూతురి చేతిలో. ఇద్దరూ లాగడం లేదు, వదలడం లేదు.

అప్పుడు తెరిచి ఉన్న వీధి తలుపు ఎవరో తట్టారు. పక్కింటివాళ్ళు తట్టినట్టు లేదు. మెల్లగా, ఒకసారి తట్టి ఆగి, మళ్ళీ ఒకసారి. పిల్ల భుజం మీదుగా తొంగిచూశాను. పద్నాలుగు నెలలుగా నాకు వీపే చూపించిన మనిషి, ఫిట్టరు భార్య, మా గుమ్మం ముందు నిలబడి ఉంది. మొహం ఇటే ఉంది.

"మెషీనులో ఏదో దొరికిందటగా," అంది. "సూపర్వైజరు ఇప్పుడే కబురు పంపాడు. మా ఆయన్ని చంపింది ఎవరో మీ దగ్గర కాగితం ఉందట. చదివి వినిపించండి."